కొండ మీద సర్కారు: లౌకిక రాజ్యం గుడిని నడపవచ్చా?

బ్రహ్మోత్సవాల వేళ తిరుమలలో బేడి ఆంజనేయస్వామి గుడి దగ్గర అర్చకులు ముఖ్యమంత్రి తలకు పరివట్టం చుడతారు. పట్టువస్త్రాల పళ్లేన్ని ఆయన నెత్తిన పెట్టుకుని, మంగళవాద్యాల నడుమ మహాద్వారం దాకా నడిచి, లోపలికి వెళ్లి స్వామికి సమర్పిస్తారు. ఆ పట్టు ఆయన సొంత మొక్కు కాదు, రాష్ట్ర ప్రభుత్వం తరపున ఇచ్చేది. ముఖ్యమంత్రి కుర్చీలో ఏ పార్టీ వారున్నా, ఏ మతం వారున్నా ఆనవాయితీ ఆగదు. ఆ కుర్చీ ఎక్కేటప్పుడు మాత్రం వారంతా లౌకిక రాజ్యాంగం మీదే ప్రమాణం చేస్తారు.

శ్రీరామనవమి సంగతి ఇంకా విచిత్రం. భద్రాచల రాముడికి సర్కారు పంపే ముత్యాల తలంబ్రాలు గోలకొండ తానీషా నాటి ఆచారమంటారు. నిజాం ప్రభువులూ దాన్ని తప్పించలేదు. 2014లో రాష్ట్రం రెండయ్యాక భద్రాచలం తెలంగాణకు పోయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015 నుంచి కడప జిల్లా ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణాన్ని అధికారికంగా జరపడం మొదలుపెట్టింది. రెండు రాష్ట్రాలకూ వేర్వేరు హైకోర్టులు వచ్చింది 2019 జనవరిలో. కోర్టు కంటే నాలుగేళ్ల ముందే రాములవారి పెళ్లి పంపకమైపోయింది.

మతానికీ ప్రభుత్వానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న చర్చ ఇప్పుడు ప్రపంచమంతటా ఉంది. ఒకే మతం మీద నిలబడ్డ పాత క్రైస్తవ దేశాల్లోకి కొత్త మతాలు వచ్చి చేరడంతో అక్కడ గీత కదులుతోంది. తిరుపతి, చిత్తూరు సీమలో ఆ గీత రెండు శతాబ్దాలుగా కదులుతూనే ఉంది. గుడిని ప్రభుత్వం పట్టుకోవడం, వదిలేయడం, మళ్లీ పట్టుకోవడం ఇక్కడ మూడూ జరిగాయి. 2024 నుంచి లడ్డూ నెయ్యి, డిక్లరేషన్, అన్యమత ఉద్యోగులు, గుళ్ల విముక్తి అంటూ వరసగా రేగిన వివాదాలన్నీ ఆ పాత ప్రశ్నకు కొత్త రూపాలే.

క్రైస్తవులు వదిలారు, హిందువులు పట్టారు

1801లో ఆర్కాటు నవాబు నుంచి ఈ సీమ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. దాంతోపాటే తిరుమల గుడీ వచ్చింది. నవాబుల కాలంలో గుడి రాబడిని ఇజారాకు ఇచ్చేవారు. కంపెనీ వచ్చీ రాగానే లెక్కలు రాయించింది. కలెక్టర్ స్ట్రాటన్ 1803లో గుడి వ్యవహారాలన్నిటి మీద నివేదిక తయారు చేశాడు. 1817లో మద్రాసు ప్రభుత్వం ధర్మాదాయాలపై రెగ్యులేషన్ తెచ్చింది. 1821లో ‘బ్రూస్ కోడ్’ పేరుతో గుడి నిర్వహణకు నిబంధనలు వచ్చాయి. క్రైస్తవ దొరల కచేరీలు కొన్ని దశాబ్దాల పాటు వేంకటేశ్వరుడి జమాఖర్చులు చూశాయన్నమాట. ఆ రోజుల్లో గవర్నరుగా ఉన్న థామస్ మన్రో స్వామివారి నైవేద్యానికి ఏర్పాటు చేశాడని చెప్పే ‘మన్రో గంగాళం’ ముచ్చట తిరుపతిలో ఇప్పటికీ వినిపిస్తుంది.

కంపెనీ చేతులెత్తేసింది హిందువులు వద్దన్నందుకు కాదు. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధనకు కాపలా కాయడమేమిటని ఇంగ్లండులోని మిషనరీ వర్గాలు గోల పెట్టాయి. యాత్రికుల పన్నులు, ఉత్సవాలకు సైనిక వందనాలు ఆపాలంటూ లండన్ నుంచి 1833లో ఆదేశం వచ్చింది. అది అమలు కావడం లేదన్న కోపంతో మద్రాసు సైన్యాధిపతి పెరెగ్రిన్ మైట్‌లాండ్ 1838లో పదవి వదులుకున్నాడు. చివరికి 1843లో తిరుమల నిర్వహణను హథీరాంజీ మఠం మహంతు సేవాదాసుకు విచారణకర్త హోదాలో అప్పగించి కంపెనీ తప్పుకుంది. రాజ్యాన్ని మతం నుంచి వేరు చేసిన తొలి ఘట్టం ఈ సీమలో ఇదే. వేరు చేయించింది మాత్రం ఇంకో మతం తాలూకు మనస్సాక్షి.

ఆ తర్వాత తొంభై ఏళ్లు మహంతులదే పెత్తనం. లెక్కలపై తగాదాలు జిల్లా కోర్టులో మొదలై లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లాయి. ప్రభుత్వం పక్కకు తప్పుకుంటే గుడి బాగుపడుతుందన్న వాదనకు చరిత్రలో దొరికే పరీక్ష ఆ తొంభై ఏళ్లే. ఫలితం అంత గొప్పగా లేదు.

ప్రభుత్వం మళ్లీ రావడానికి కారణం ఈసారి హిందువులే. శ్రీకాళహస్తిలో పుట్టిన పానగల్లు రాజా రామరాయణింగారు మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా ఉండగా హిందూ ధర్మాదాయాల బిల్లు తెచ్చారు. గుడి సొమ్ము మఠాధిపతులదీ ధర్మకర్తలదీ కాదు, సమాజానిది. కనుక లెక్క చెప్పాలి అన్నది జస్టిస్ పార్టీ వాదం. 1925లో చట్టమైంది. దాని చెల్లుబాటును ప్రశ్నించడంతో 1927లో కొత్తగా తెచ్చారు. తిరుమల కోసం విడిగా మరో చట్టం చేయడంతో 1933లో తిరుమల తిరుపతి దేవస్థానములు కమిటీ ఏర్పడి మహంతుల కాలం ముగిసింది. నేటి టీటీడీకి పునాది అదే. ప్రభుత్వం గుళ్లను కబ్జా చేసిందని నేడు కొందరంటున్నారు గానీ, నాడు గుళ్లలోకి ప్రభుత్వాన్ని పిలిచింది హిందూ ఓటర్లు, హిందూ మంత్రులు.

రాజ్యాంగం గీసిన గీత

స్వాతంత్ర్యం వచ్చాక ఈ వ్యవహారమంతా రాజ్యాంగం కిందికి వచ్చింది. 25వ అధికరణ మత స్వేచ్ఛ ఇస్తూనే, మతాచరణతో ముడిపడ్డ ఆర్థిక, లౌకిక వ్యవహారాలను ప్రభుత్వం క్రమబద్ధం చేయవచ్చంది. 26వది మత శాఖలకు తమ మత వ్యవహారాలు తామే చూసుకునే హక్కునిచ్చింది. 27వది ఒక మతం ప్రచారం కోసం పన్ను వేయరాదంది. హుండీ లెక్క లౌకికం, తోమాల సేవ మతం. రెంటికీ మధ్యనున్న వాటి గతేమిటి? డెబ్బై ఏళ్లుగా కోర్టులు తేలుస్తున్నది దాన్నే.

మతంలో ఏది అత్యవసరమైన ఆచారమో దాన్ని ప్రభుత్వం ముట్టుకోరాదని 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి పెద్ద మలుపు 1987. జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ సిఫార్సులపై ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ ఏడాది 30వ నంబరు చట్టం తెచ్చింది. అర్చకుల వంశపారంపర్య హక్కులను, అంటే మిరాశీని, రద్దు చేసింది. తిరుమల మిరాశీ అర్చకులు ఏ.ఎస్. నారాయణ దీక్షితులు దీనిపై సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1996లో తీర్పు వచ్చింది: పూజ మతానికి చెందినదే కావచ్చు, పూజారిని నియమించడం లౌకిక వ్యవహారం; మిరాశీ రద్దు చెల్లుతుంది.

తీర్పుతో కథ ముగియలేదు. చిన్న గుళ్లలో ఆదాయం లేదు, వంశం పోతే దీపం పెట్టేవారూ లేరు. హైదరాబాదు శివార్లలోని చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకులు సౌందరరాజన్ నడిపిన ఆలయ పరిరక్షణ ఉద్యమం ఈ బాధను జనంలోకి తీసుకెళ్లింది. అసలు హుండీయే పెట్టని గుడి అది. 2007లో 33వ నంబరు సవరణ చట్టంతో అర్చక కుటుంబాల హక్కులు చాలావరకు తిరిగొచ్చాయి. ఇరవై ఏళ్లలో ఒకే శాసనసభ రెండు దిక్కులకూ నడిచింది.

హిందూ గుళ్లకే చట్టమెందుకు, మిగతా మతాలకు లేదేం అన్న ప్రశ్నకూ 1996లోనే జవాబు వచ్చింది. పన్నాలాల్ బన్సీలాల్ పిత్తి కేసులో సుప్రీంకోర్టు 1987 చట్టాన్ని ప్రధానంగా సమర్థించింది. అన్ని మతాలకూ ఒకే చట్టం మంచిదే గానీ, ఒక్కసారిగా తేవడం సమైక్యతకు చేటు చేయవచ్చని అభిప్రాయపడింది. ఆ జవాబుతో తృప్తిపడని వారి సంఖ్య నానాటికీ పెరుగుతోంది.

హుండీ డబ్బు ఎవరిది?

టీటీడీ 2025-26 బడ్జెట్ సుమారు 5,258 కోట్ల రూపాయలు. అందులో హుండీ రాబడి అంచనా 1,729 కోట్లు. జీతభత్యాల ఖర్చు దానికి కాస్త పైనే. భక్తులు హుండీలో వేసే ప్రతి రూపాయికీ ఉద్యోగుల జీతాలకు రూపాయి పైనే ఖర్చవుతుందన్నమాట. ఈ స్థాయి సంస్థకు ధర్మకర్తల మండలిని, ఈవోను నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. ఈవో సాధారణంగా ఐఏఎస్ అధికారి.

ప్రభుత్వం ఉండడం వల్ల జరిగిన మంచిని చిన్నచూపు చూడలేం. తిరుపతి ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ (1945), పద్మావతి మహిళా కళాశాల, స్విమ్స్, బర్డ్ ఆసుపత్రులు గుడి సొమ్ముతో వచ్చినవే. వైకుంఠం క్యూ కాంప్లెక్సు, నిత్యాన్నదానం, రోజూ వేల మంది గుండ్లు గీయించుకునే కల్యాణకట్ట ఇన్నేళ్లుగా ఆగకుండా నడవడం మాటలు కాదు. పరకామణిలో హుండీ డబ్బు లెక్కపెట్టేవారు జేబుల్లేని పంచె ఒక్కటే కట్టుకుని, కెమెరాల కింద కూర్చుంటారు. లెక్క విషయంలో అంత పట్టింపు ఆ వ్యవస్థది.

ఆ పట్టింపూ ఒక్కోసారి జారుతుంది. 2023లో అదే పరకామణిలో విదేశీ నోట్లు దొంగిలిస్తూ ఒకరు దొరికారు. కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయింది. 2025లో హైకోర్టు జోక్యం చేసుకుని సీఐడీ దర్యాప్తుకు ఆదేశించేదాకా దాన్ని పట్టించుకున్నవారు లేరు.

అసలు జబ్బు పైన, బోర్డులో ఉంది. ప్రభుత్వం మారితే బోర్డు మారుతుంది. 2021 సెప్టెంబరులో 52 మందిని ప్రత్యేక ఆహ్వానితులుగా చేరుస్తూ ఇచ్చిన జీవోను హైకోర్టు నిలిపివేయాల్సి వచ్చింది. భక్తి కంటే పలుకుబడి పనిచేసే చోట బోర్డు సభ్యత్వం ఒక రాజకీయ బహుమతి. 2024 సెప్టెంబరులో గత పాలనలో లడ్డూ నెయ్యి కల్తీ అయిందని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆరోపించినప్పుడు ఆ వివాదం ప్రసాదాల పోటు దాటి సుప్రీంకోర్టుకు చేరింది. దేవుళ్లనైనా రాజకీయాలకు దూరంగా ఉంచాలని కోర్టు వ్యాఖ్యానించింది. అక్టోబరు 4న సీబీఐ, రాష్ట్ర పోలీసు, ఆహార భద్రతా సంస్థ అధికారులతో అయిదుగురు సభ్యుల దర్యాప్తు బృందాన్ని వేసింది. నెయ్యి నాణ్యత ప్రయోగశాలలో తేలాల్సిన విషయం. కొనుగోలు కమిటీని రాజకీయ బోర్డు నడిపినంత కాలం అది మైకుల ముందే మొదలవుతుంది.

గుడి డబ్బు ఊరికి ఖర్చు చేయవచ్చా అన్నది ఇంకో తగువు. 2023 అక్టోబరులో బడ్జెట్‌లో ఒక శాతం తిరుపతి నగర అభివృద్ధికి ఇవ్వాలని బోర్డు తీర్మానించింది. యాత్రికులు వాడే రోడ్లూ కాలువలే కదా అన్నది ఒక వాదన. భక్తుడు రోడ్డుకు ఇవ్వలేదు, దేవుడికి ఇచ్చాడు అన్నది మరో వాదన. అభ్యంతరాలు రావడంతో ప్రభుత్వం ఒప్పుకోలేదు. రెండో వాదనకే బలముంది. మునిసిపాలిటీ పని మునిసిపల్ పన్నుతో జరగాలి.

డిక్లరేషన్ అనే సంతకం

తిరుమలకు హిందువులు కానివారు వస్తే ఒక పత్రం మీద సంతకం చేయాలి. తాను ఫలానా మతానికి చెందినా శ్రీవేంకటేశ్వరుడి పట్ల విశ్వాసం, గౌరవం ఉన్నాయని, దర్శనానికి అనుమతించాలని అందులో కోరతారు. 1990 నాటి 311వ నంబరు జీవో ఇందుకు ఆధారం. రాష్ట్రపతిగా వచ్చిన అబ్దుల్ కలాం సంతకం చేశారన్నది ఇక్కడ తరచూ ఉదాహరించే విషయం. 2025 ఏప్రిల్‌లో తలనీలాలు ఇవ్వడానికి వచ్చిన ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ భార్య, ఆర్థడాక్స్ క్రైస్తవురాలు, గాయత్రీ సదనంలో సంతకం చేశారు. మరో పక్క వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి ముఖ్యమంత్రి హోదాలో పట్టువస్త్రాలు సమర్పించినప్పుడు సంతకం అక్కర్లేదని 2020లో నాటి బోర్డు చైర్మన్ చెప్పడం పెద్ద గొడవైంది. 2024 సెప్టెంబరు చివర్లో ప్రతిపక్ష నేతగా ఆయన తిరుమల వస్తానన్నప్పుడు డిక్లరేషన్ మీదే రచ్చ జరిగి, ప్రయాణమే ఆగిపోయింది.

గుడికి తన నియమం పెట్టుకునే హక్కుంది. పూరీ జగన్నాథుడి గుడి, గురువాయూరు అసలు అన్యమతస్థులను రానివ్వవు. తిరుమల వాటికంటే ఉదారమే. చిక్కల్లా సంతకం అడిగే తీరులో ఉంది. మామూలు జనం క్యూలో ఎవరి మతమేమిటని ఎవరూ ఆరా తీయరు. పేరున్న రాజకీయ నాయకుడొస్తే మాత్రం పత్రం పతాక శీర్షికవుతుంది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు అడిగేవారు, పాలనలో ఉన్నప్పుడు మరిచిపోయేవారు అన్ని శిబిరాల్లోనూ కనిపిస్తారు.

వంద మైళ్లు కూడా లేని దేవుని కడపలో ఇంకో లోకం కనిపిస్తుంది. ఉగాది రోజున లక్ష్మీ వేంకటేశ్వరుడి గుడికి ముస్లిములు కుటుంబాలతో వస్తారు. బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచు గనుక స్వామి తమకు అల్లుడన్నది వారి నమ్మకం. తిరుమలలోనే మంగళవారం అష్టదళ పాదపద్మారాధనలో వాడే 108 బంగారు పద్మాలు గుంటూరుకు చెందిన ఒక ముస్లిం భక్తుడి కానుక. సర్కారు నియమం పుట్టక ముందే భక్తి తన దారి తాను వేసుకుంది.

ఉద్యోగి మతం

2024 నవంబరు 18న బి.ఆర్. నాయుడు అధ్యక్షతన కొత్త బోర్డు తొలి సమావేశంలో అన్యమత ఉద్యోగులను స్వచ్ఛంద పదవీ విరమణకో, ఇతర ప్రభుత్వ శాఖలకో పంపాలని తీర్మానించింది. 2025 ఫిబ్రవరిలో 18 మందిపై చర్యలు మొదలయ్యాయి. 2018లోనూ నలభై మందికి పైగా ఇలాగే నోటీసులు అందుకుని హైకోర్టుకు వెళ్లారు.

పైకి వివక్షలా కనిపించినా రాజ్యాంగం దీనికి కొంత చోటిచ్చింది. 16వ అధికరణలోని అయిదో క్లాజు ప్రకారం మత సంస్థ వ్యవహారాలకు సంబంధించిన పదవికి ఆ మతస్థులే ఉండాలని చట్టం చేయవచ్చు. 1989 నుంచి టీటీడీ నియామక నిబంధనల్లో హిందువులకే అవకాశమన్న మాట ఉంది. అర్చకుడు, పోటు వంటవాడు, పారుపత్తేదారు విషయంలో ఎవరికీ పేచీ ఉండనక్కర్లేదు. ఆసుపత్రి నర్సు, కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే లెక్చరరు, లారీ డ్రైవరు సంగతి? గుడి నడిపే ఆసుపత్రిలో ఇంజెక్షన్ ఇవ్వడం మత వ్యవహారమా? ఆ ప్రశ్నకు సూటి జవాబు ఇవ్వకుండా అందరినీ ఒకే గాటన కట్టడం తీర్మానంలోని లోపం.

ఉద్యోగి మతం గురించిన ఈ మాట ఇంకో ప్రశ్ననూ లేపింది. హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ అడిగాడు: తిరుమలలో హిందువులే ఉండాలంటే వక్ఫ్ బోర్డుల్లో ముస్లిములు కానివారిని ఎందుకు పెడుతున్నారు? 2025లో వక్ఫ్ సవరణ చట్టం వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులో ముస్లిమేతరుల సంఖ్యకు పరిమితి పెట్టింది: కేంద్ర మండలిలో 22 మందికి నలుగురు, రాష్ట్ర బోర్డుల్లో 11 మందికి ముగ్గురు. టీటీడీ బోర్డులో ముస్లిమో క్రైస్తవుడో ఒక్కరైనా ఉండాలని అడిగే రాజకీయ పక్షం లేదు. ఒవైసీ ప్రశ్న రాజకీయమే అయినా, అడగకూడనిది కాదు.

తిరుపతి చుట్టుపక్కల ఈ పట్టింపు గుడి గోడలను దాటింది. అలిపిరి దగ్గర ముంతాజ్ పేరుతో ఒబెరాయ్ సంస్థ కట్టబోయిన హోటల్‌కు ఇచ్చిన భూకేటాయింపును 2025 మార్చిలో ప్రభుత్వం రద్దు చేసింది. అంతకుముందు 2007లో, క్రైస్తవుడైన వై.ఎస్. రాజశేఖర రెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, ప్రార్థనా స్థలాల్లో ఇతర మత ప్రచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. కొండ మీద అన్యమత ప్రచారం జరుగుతోందన్న ఆందోళనలు దాని వెనుక ఉన్నాయి. పాలకుడి మతం ఏదైనా ఈ సీమలో రాజకీయం కొండకు నమస్కరించాల్సిందే.

పాస్టరుకు జీతం, దళితవాడకు గుడి

గుళ్లే కాదు, మిగతా మతాలకూ సర్కారు ఖజానా నుంచి డబ్బు పోతోంది. ఇమాములకు, మౌజన్లకు, పాస్టర్లకు నెలనెలా గౌరవ వేతనాలున్నాయి. రాబడి లేని గుళ్లకు ధూపదీప నైవేద్య పథకం ఉంది. జెరూసలేం యాత్రకు వెళ్లే పేద క్రైస్తవులకిచ్చే సాయాన్ని 2019లో రాష్ట్రం 40 వేల నుంచి 60 వేలకు పెంచింది. హజ్ సబ్సిడీని కేంద్రం 2018లో ఎత్తేసింది. అన్ని మతాలకూ పంచడమే లౌకికత్వమన్నది ఈ పద్ధతి వెనకున్న ఆలోచన. ఓట్ల లెక్క దానికి తోడుంటుంది. ఎవరికి ఎంత, ఎందుకు అన్నదానికి మాత్రం స్థిరమైన కొలత లేదు.

క్రైస్తవం ఇక్కడ కొత్తదేమీ కాదు. చిత్తూరు, మదనపల్లె వైపు అమెరికన్ ఆర్కాటు మిషన్, శ్రీకాళహస్తి, తిరుపతి వైపు జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు పందొమ్మిదో శతాబ్దంలోనే బళ్లూ దవాఖానాలూ పెట్టారు. మదనపల్లె ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి 1915 నుంచి ఉంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు 1.34 శాతమే. చర్చికి వెళ్లేవారంతా ఆ అంకెలో లేరని అందరికీ తెలుసు. కారణం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. దళితుడు హిందువు, సిక్కు, బౌద్ధుడు అయితేనే ఎస్సీ. క్రైస్తవుడైతే ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ, అంటే ఒక శాతం కోటా. అందుకే కాగితం మీద ఒక మతం, ఆదివారం మరో మతం. 2023 మార్చిలో దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని శాసనసభ తీర్మానం చేసింది. తీర్మానంతో హోదా రాదు, ఢిల్లీలో పార్లమెంటు ఒప్పుకోవాలి. లోక్‌సభలో తిరుపతి స్థానం ఎస్సీలకు రిజర్వు అయినది గనుక, ఈ మాట ఇక్కడ ప్రతి ఎన్నికలో వీధి మలుపుల దగ్గర నడుస్తుంది.

టీటీడీ కూడా ఈ పోటీలోకి దిగింది. 2007లో భూమన కరుణాకర రెడ్డి చైర్మన్‌గా ఉండగా ‘దళిత గోవిందం’ పేరుతో స్వామి ఉత్సవ విగ్రహాలను దళితవాడలకు తీసుకెళ్లారు. శ్రీవాణి ట్రస్టుకు పది వేలిచ్చిన భక్తుడికి బ్రేక్ దర్శనం, ఆ డబ్బుతో ఎస్సీ, ఎస్టీ, మత్స్యకార వాడల్లో గుళ్లు. గుడి తలుపు బయట శతాబ్దాలు నిలబెట్టినవారి వాడకే దేవుడు వెళ్లడం మంచిదే. అదే సమయంలో ప్రభుత్వం నియమించిన బోర్డు మత మార్పిడిని అడ్డుకునే పని నెత్తిన వేసుకోవడం రాజ్యాంగం కోరిన దూరాన్ని చెరిపేస్తుంది. ఆ పని స్వచ్ఛంద ధార్మిక సంస్థలు చేసుకోవచ్చు.

వేరే దేశాల్లో మన దేవుడు

బ్రిటన్‌లో రాజే చర్చి ఆఫ్ ఇంగ్లండ్ అధిపతి. హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో 26 మంది బిషప్పులకు సీట్లున్నాయి. అదే దేశంలో 2021 జనాభా లెక్కల నాటికి ఇంగ్లండ్, వేల్స్‌లో క్రైస్తవులమని చెప్పుకున్నవారు 46.2 శాతానికి దిగారు. 2023లో చార్లెస్ పట్టాభిషేకంలో హిందువైన ప్రధాని రిషి సునాక్ బైబిల్ పాఠం చదివారు. అధికార మతం ఉన్న ఆ దేశంలోనే బర్మింగ్‌హామ్ దగ్గరి టివిడేల్ బాలాజీ గుడిలో ఏ ప్రభుత్వ అధికారీ ఈవోగా కూర్చోడు.

అమెరికాలో 1976లో టీటీడీ తోడ్పాటుతో పిట్స్‌బర్గ్ శివార్లలో వేంకటేశ్వరుడి గుడి వెలసింది. అక్కడి స్థానిక ప్రభుత్వానికి గుడితో సంబంధం పార్కింగు, అగ్నిమాపక నిబంధనల వరకే. అర్చకుడి జీతం, ధర్మకర్తల ఎంపిక సభ్యుల ఇష్టం.  గొడవలొస్తే సివిల్ కోర్టు. ప్రభుత్వం లేకపోతే గుడి కూలిపోదని తెలుగువారు అక్కడ నిరూపించారు. అయితే అది వేల కుటుంబాల గుడి. తిరుమలకు రోజూ వచ్చేవారు అరవై డెబ్బై వేల మంది. 2025 జనవరి 8న వైకుంఠద్వార దర్శన టోకెన్ల తోపులాటలో తిరుపతిలో ఆరుగురు చనిపోయారు. పోలీసు, రవాణా, వైద్యం ప్రభుత్వం చేతిలో లేకుండా ఈ కొండ నడవదు.

అందుకే ‘గుళ్లకు విముక్తి’ అన్న నినాదాన్ని విప్పి చూడాలి. 2025 జనవరి 5న గన్నవరం దగ్గర విశ్వహిందూ పరిషత్ ఆ నినాదంతోనే హైందవ శంఖారావం సభ పెట్టింది. అంతకు మూడు నెలల ముందు తిరుపతిలో వారాహి డిక్లరేషన్ సభలో పవన్ కల్యాణ్ సనాతన ధర్మ రక్షణకు జాతీయ చట్టం, బోర్డు కావాలన్నారు. ప్రభుత్వం వద్దంటున్నారా, వేరే ప్రభుత్వ బోర్డు కావాలంటున్నారా అన్నది ఈ రెండు కోరికల మధ్య తేలలేదు. 2014లో చిదంబరం నటరాజ ఆలయం కేసులో సుప్రీంకోర్టు ఒక దారి చూపింది: అక్రమాలు సరిదిద్దడానికి ప్రభుత్వం గుడిని తీసుకోవచ్చు గానీ, కలకాలం ఉంచుకోరాదు.

తేలేదేమిటి

రెండు శతాబ్దాల అనుభవం ఒక మాట గట్టిగా చెబుతోంది. ప్రభుత్వం పూర్తిగా వదిలితే లెక్కలు పోతాయి, మహంతుల కాలం సాక్ష్యం. ప్రభుత్వం పూర్తిగా పట్టుకుంటే గుడి పార్టీ ఆఫీసు అవుతుంది, ఇటీవలి బోర్డులు సాక్ష్యం. లెక్కలు చూసే చేయి వేరు, భక్తిని కొలిచే చేయి వేరు. మొదటిది ప్రభుత్వం దగ్గర ఉండాలి, రెండోది ఉండకూడదు.

ఆ గీత ప్రకారం చేయాల్సినవి నాలుగు. బోర్డు సభ్యుల ఎంపికను న్యాయ, ధార్మిక, ఆర్థిక నిపుణుల సంఘానికి అప్పగించి, సిట్టింగ్ ఎమ్మెల్యేలకు, ఎంపీలకు, పార్టీ పదవులున్నవారికి తలుపు మూయాలి. హుండీ, కొనుగోళ్ల లెక్కలపై కాగ్ తరహా ఆడిట్ నివేదిక ఏటా శాసనసభ ముందుకు రావాలి. మతం చూసి నియమించాల్సిన ఉద్యోగాల జాబితాను గుడి పూజా వ్యవహారాల వరకే పరిమితం చేసి, మిగతావి అందరికీ తెరవాలి. డిక్లరేషన్ ఉంచితే హోదా చూడకుండా అందరికీ ఒకే కౌంటరులో తీసుకోవాలి, లేకపోతే ఎత్తేయాలి. ఈ నాలుగింటిలో ఒక్కదానికీ రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. 1987 చట్టానికి, దాని కింది నిబంధనలకు అమరావతిలో సవరణ చేస్తే చాలు.